క్షార జలంతో క్షేమం ఎవరికి?

తాగునీటిని సైతం ఆమ్ల జలం, క్షార జలం అంటూ రెండుగా విభజించి, మొదటిది సకల రోగాలకు మూలమనీ, రెండవది సర్వరోగ నివారిణి అనీ సాగుతున్న ప్రచారం ఇటీవలి సంవత్సరాలలో దేశమంతటా విస్తరించింది. క్షార జలాన్ని తయారుచేస్తామనే విద్యుత్ యంత్రాలు కొన్ని రెండు లక్షల రూపాయలకు పైబడిన ధర పలుకుతున్నాయి. సీసాలలో నింపిన క్షార జలం మామూలు సీసా నీటికి ఎన్నో రెట్లు ఖరీదుకు అమ్ముడవుతున్నది. మధుమేహం, రక్తపోటు, కీళ్లనొప్పులు, మూత్రపిండాలలో రాళ్లు, చివరకు కేన్సర్ సైతం ఈ నీటికి లొంగుతాయని అమ్మకందారులు నమ్మబలుకుతున్నారు. ఈ ప్రచారంలో నిజమెంత అన్నది ఇప్పుడు కోట్లాది వినియోగదారుల జేబుకూ, ఆరోగ్యానికీ సంబంధించిన ప్రశ్న.

సూరత్ వంటి నగరంలో ఈ ప్రశ్నకు ప్రాధాన్యం మరింత ఎక్కువ. వజ్రాల సానకూ, కృత్రిమ నూలు వస్త్రాలకూ పేరుపొందిన ఈ తపతీ తీర నగరానికి వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా వలస వెళ్లి మరమగ్గాల మీద బతుకుతున్న సంగతి తెలిసిందే. లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో తెలుగు వినబడని వీధి అరుదు. నగర పాలక సంస్థ పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉండడం గమనార్హం. ఇటువంటి వలస సమాజాలలో ఒకరి మాట మీద మరొకరికి నమ్మకం ఎక్కువ. క్షార జల యంత్రాల విక్రయమో, దుకాణాల కంటే బంధుత్వాల మీద, ఇరుగుపొరుగు పరిచయాల మీద ఎక్కువగా ఆధారపడి నడుస్తున్నది. అందుచేత నష్టం సంభవిస్తే అది డబ్బుతో ఆగదు. కుటుంబాల మధ్య నమ్మకాన్ని కూడా దెబ్బతీస్తుంది.

ఇప్పటివరకు లభించిన శాస్త్రీయ ఆధారాలను బట్టి చూస్తే, సాధారణ మంచినీటికి మించిన మేలు క్షార జలం వల్ల ఆరోగ్యవంతునికి కలుగుతుందని చెప్పడానికి వీలులేదు. ఒకటి రెండు విషయాలలో పరిమితమైన ఆశ కనిపించిన మాట వాస్తవం. కానీ ఆ కాస్త ఆధారం మీద కట్టిన వ్యాపార సౌధం మాత్రం ఆకాశాన్ని అంటుతున్నది.

లెక్క ఏమి చెబుతున్నది?

ఒక ద్రవం ఆమ్లమా, క్షారమా అన్నది తెలిపే కొలమానం పీహెచ్. కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసిన డేనిష్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ 1909లో దీనిని ప్రతిపాదించారు. 7 తటస్థం. అంతకు తగ్గితే ఆమ్లం, హెచ్చితే క్షారం. కొలమానంలో ఒక్క అంకె మారితే గాఢత పది రెట్లు మారుతుంది. భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి నిర్దేశించిన పరిమితి 6.5 నుంచి 8.5. మార్కెట్‌లో క్షార జలంగా చలామణి అవుతున్న నీటి పీహెచ్ సాధారణంగా 8 నుంచి 10 వరకు ఉంటున్నది. అంటే ఆరోగ్యం పేరిట అమ్ముతున్న నీటిలో కొంత భాగం తాగునీటి జాతీయ ప్రమాణాన్నే దాటిపోయిందన్నమాట. తాగునీటి పీహెచ్‌కు ఆరోగ్య కారణాల రీత్యా నిర్దిష్టమైన పరిమితి అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ భావిస్తున్నది. పైపులు తుప్పు పట్టకుండా, క్లోరిన్ సక్రమంగా పనిచేసేలా చూడడానికే పీహెచ్‌ను ప్రధానంగా అదుపులో ఉంచుతారు.

మనం తాగిన నీరు ముందుగా చేరేది జీర్ణాశయానికి. అక్కడి జఠర రసం పీహెచ్ 1.5 నుంచి 3.5 మధ్య ఉండే తీవ్రమైన ఆమ్లం. పీహెచ్ 9.5 గల నీరు ఒక లీటరు తాగితే, ఆ పీహెచ్‌కు కారణమైన హైడ్రాక్సైడు మొత్తం కలిసి పీహెచ్ 2 గల జఠర రసాన్ని 3 మిల్లీలీటర్లకు మించి తటస్థం చేయలేదు. ఇది ఉన్నత పాఠశాల రసాయన శాస్త్రంతో ఎవరైనా వేసుకోగల లెక్క. వంటింట్లోని తినేసోడా ఒక చెంచా, అంటే 5 గ్రాములు, తీసుకుంటే అందులోని క్షార శక్తి పీహెచ్ 9.5 నీరు ఇంచుమించు 1,900 లీటర్లలోని హైడ్రాక్సైడుకు సమానం. ఇది చెప్పడం సోడా తినమని కాదు. సోడాలోని సోడియం రక్తపోటు రోగులకు ప్రమాదకరం. పీహెచ్ అంకె ఎంత పెద్దదిగా కనిపించినా, నీటిలోని అసలు క్షార పరిమాణం ఎంత స్వల్పమో తెలియడానికే ఈ పోలిక.

ఇక రక్తం విషయం. మనిషి రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్య స్థిరంగా ఉంటుంది. ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడును వెలుపలికి పంపుతూ, మూత్రపిండాలు అదనపు ఆమ్లాన్నీ క్షారాన్నీ విసర్జిస్తూ, రక్తంలోని బైకార్బనేట్ హెచ్చుతగ్గులను సర్దుతూ అహర్నిశం ఈ సమతుల్యాన్ని కాపాడుతుంటాయి. తినే తిండిని బట్టి, తాగే నీటిని బట్టి రక్తం పీహెచ్ మారేటట్లయితే నిమ్మరసం తాగినవాడల్లా ఆసుపత్రి పాలు కావలసి ఉంటుంది. ఆహారాన్ని బట్టి మూత్రం పీహెచ్ మారడం నిజమే. మూత్రపిండాలు తమ విధిని సక్రమంగా నిర్వహిస్తున్నాయనడానికి అది నిదర్శనం. ఆ మార్పును కాగితపు పట్టీ మీద రంగుగా చూపి, శరీరమంతా క్షారమయం అయిందని చెప్పడం శుద్ధ అబద్ధం.

పరిశోధనలు తేల్చినదెంత?

క్షార జలానికి అనుకూలంగా అమ్మకందారులు కొన్ని పరిశోధనలను పేర్కొంటుంటారు. వాటిని నిష్పక్షపాతంగా పరిశీలించడం అవసరం.

పీహెచ్ 8.8 గల నీరు పెప్సిన్ అనే జీర్ణ ఎంజైమును నిర్వీర్యం చేస్తుందని 2012లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. గొంతులోకి ఆమ్లం ఎగదన్నే వ్యాధి ఉన్నవారికి ఇది ఉపకరించవచ్చునన్న ఆశ అప్పుడు కలిగింది. అయితే ఆ ప్రయోగం జరిగింది ప్రయోగశాల పాత్రలో. వ్యాయామానంతరం రక్తం చిక్కదనం మామూలు నీటితో కంటే క్షార జలంతో కొంత ఎక్కువగా తగ్గిందని 2016లో 100 మంది మీద జరిపిన మరో పరిశోధన పేర్కొన్నది. దానికి నిధులిచ్చినది క్షార జలం విక్రయించే సంస్థే కావడం గమనార్హం. బైకార్బనేట్ అధికంగా గల ఖనిజ జలం ఎముకల అరుగుదల సూచికలను తగ్గించినట్లు 2009లో ఒక పరిశోధనలో వెల్లడైంది. ఆ నీటిలో ఉన్నవి సహజ ఖనిజాలు. విద్యుత్ యంత్రం నుంచి వచ్చిన నీటికి ఆ ఫలితాన్ని అంటగట్టడం సమంజసం కాదు.

మూత్రపిండాలలో రాళ్ల గురించి మరింత స్పష్టమైన సమాచారం ఉన్నది. ఎండలు మండే గుజరాత్‌లోనూ, తెలుగు రాష్ట్రాలలోనూ ఈ బాధ సర్వసాధారణం. యూరిక్ ఆమ్లంతో ఏర్పడే రాళ్లకు మూత్రాన్ని క్షారీకరించే మందులను వైద్యులు వాడడం వాస్తవమే. ఆ పని క్షార జలం చేయగలదా అని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ శాఖకు చెందిన వైద్యులు 5 రకాల సీసా నీళ్లను పరీక్షించి, 2024లో 'జర్నల్ ఆఫ్ యూరాలజీ'లో ఫలితాలను ప్రచురించారు. వాటి పీహెచ్ 10 దరిదాపుల్లో ఉన్నా, వాటిలోని క్షార పరిమాణం లీటరుకు 0.1 మిల్లీ ఈక్వివలెంటు మాత్రమేనని తేలింది. జీవక్రియల వల్ల మన శరీరంలో రోజూ 40 నుంచి 100 మిల్లీ ఈక్వివలెంట్ల ఆమ్లం తయారవుతుంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. నారింజ రసంలోనే ఇంతకంటే చాలా ఎక్కువ క్షార శక్తి ఉన్నట్లు ఆ వైద్యులు కనుగొన్నారు. రాళ్లు ఏర్పడకుండా ఉండడానికి కావలసినది పుష్కలంగా నీరు తాగడం. అది ఏ మంచినీరైనా సరే.

జపాన్ ఉదాహరణ కూడా తరచుగా వినిపిస్తుంటుంది. జపాన్ ఆరోగ్య మంత్రిత్వ శాఖ 1965లో ఈ యంత్రాలను గృహ వైద్య పరికరాలుగా ఆమోదించిన మాట నిజమే. కానీ ఆ ఆమోదం అజీర్ణం, పులితేన్పులు, దీర్ఘకాలిక విరేచనాల వంటి ఉదర సంబంధమైన లక్షణాలకు మాత్రమే పరిమితం. మధుమేహం, కేన్సర్ ఆ జాబితాలో లేవు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఈ నీటిని జాగ్రత్తగా పరిహరించాలన్న హెచ్చరిక మాత్రం ఉన్నది. జపాన్ ముద్రను గోడల మీద అతికించే అమ్మకందారులు ఈ భాగాన్ని మరుగుపరుస్తున్నారు.

కేన్సర్ పేరిట కర్కశ వ్యాపారం

అన్నింటికంటే ఆక్షేపణీయమైనది కేన్సర్ ప్రచారం. క్షార వాతావరణంలో కేన్సర్ బతకదని కనుగొన్నందుకే జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్‌కు నోబెల్ బహుమతి లభించిందని కరపత్రాలు చెబుతుంటాయి. వార్‌బర్గ్‌కు 1931లో నోబెల్ బహుమతి వచ్చింది శ్వాసక్రియకు తోడ్పడే ఎంజైము స్వరూపాన్ని, పనితీరును కనుగొన్నందుకు. కేన్సర్ కణితి చుట్టూ ఆమ్లత్వం ఉండడం వాస్తవమే గాని, అది కణితి జీవక్రియల ఫలితం. తాగే నీటితో దానిని మార్చడం సాధ్యం కాదు.

కెనడా పరిశోధకులు ఫెంటన్, హువాంగ్ ఈ అంశంపై ప్రపంచవ్యాప్తంగా వెలువడిన సాహిత్యాన్ని జల్లెడపట్టి 2016లో 'బీఎంజే ఓపెన్' పత్రికలో సమీక్ష ప్రచురించారు. వేలాది వ్యాసాలలో వారి ప్రమాణాలకు నిలిచిన అధ్యయనం ఒకే ఒక్కటి. ఆహారంలోని ఆమ్లత్వానికీ మూత్రాశయ కేన్సర్‌కూ సంబంధం ఉన్నట్లు అది కూడా చూపలేదు. కేన్సర్ నివారణకు గాని, చికిత్సకు గాని క్షార జలాన్ని ప్రోత్సహించడం సమర్థనీయం కాదని వారు తేల్చిచెప్పారు.

అమెరికాలో క్షార సిద్ధాంతానికి విస్తృత ప్రచారం కల్పించిన రచయిత రాబర్ట్ యంగ్ అనుమతి లేకుండా వైద్యం చేసినందుకు 2016లో దోషిగా తేలి, 2017లో జైలు శిక్షకు గురయ్యారు. సరైన చికిత్సకు తనను దూరం చేశారంటూ ఒక కేన్సర్ రోగి వేసిన దావాలో 10.5 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించాలని 2018లో జ్యూరీ తీర్పు చెప్పింది. క్షార జలం తాగితే పోయేదేమున్నది అని వాదించేవారు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోవాలి. నీటి వల్ల నేరుగా హాని కలగకపోవచ్చు. దానిని నమ్ముకుని ఆసుపత్రికి వెళ్లని నెలలే ప్రాణం తీస్తాయి.

తయారీలో లోపం తలెత్తితే ఆ నీరే హానికరం కాగలదని కూడా రుజువైంది. అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో 2020 నవంబరులో 5గురు పిల్లలు కాలేయ వైఫల్యంతో ఆసుపత్రిలో చేరారు. వారందరి ఇళ్లలోనూ 'రియల్ వాటర్' అనే క్షార జలం వాడుతున్నట్లు ఆరోగ్యాధికారులు గుర్తించారు. ఆ నీటిని తాగరాదని, వంటకు కూడా వాడరాదని అమెరికా ఆహార, ఔషధ యంత్రాంగం 2021 మార్చిలో ప్రజలను హెచ్చరించింది.

తెలుగు నేలకు తెలిసిన క్షారం

క్షార జలం గొప్పతనం తెలుసుకోవడానికి మనం జపాన్ దాకా వెళ్లనవసరం లేదు. చౌడు నీళ్లు, పప్పు ఉడకని నీళ్లు, సబ్బు నురగ రాని నీళ్లు మన పల్లెలకు తరతరాలుగా పరిచయమే. వీటిలో చౌడు నీరు సహజంగానే క్షార స్వభావం కలది. అది అమృతమని ఎవరూ అనుకోలేదు సరికదా, మంచినీటి బావి ఉన్న ఊరికి పిల్లనివ్వడానికి ముందుకు వచ్చేవారు.

నల్లగొండ జిల్లా విషాదం ఇంకా పెద్దది. గ్రానైటు శిలలున్న నేలలో సోడియం, బైకార్బనేట్ ఎక్కువగా, సున్నపు లవణాలు తక్కువగా గల క్షార జలం రాతిలోని ఫ్లోరైడును తేలికగా కరిగించుకుంటుంది. నీరు ఎంత క్షారమైతే ఫ్లోరైడు అంత ఎక్కువగా చేరడానికి ఆస్కారం. దక్షిణ భారతంలో ఈ ఫ్లోరోసిస్ వ్యాధిని అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించి 1937లో వైద్య పత్రికలో వెల్లడించారు. తర్వాత నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలు వంకరతిరిగిన కాళ్లకూ, గారపట్టిన పళ్లకూ ప్రతీకలుగా మారాయి. పటిక, సున్నం సాయంతో ఫ్లోరైడును తొలగించే పద్ధతిని నాగపూర్‌లోని 'నీరీ' సంస్థ 1970 దశకంలో రూపొందించగా, దానికి నల్లగొండ పేరే ప్రపంచవ్యాప్తంగా స్థిరపడింది. ఆ జిల్లా నుంచి సూరత్‌కు వలస వెళ్లిన కుటుంబాలకు క్షారం ఆరోగ్యదాయకమని బోధించడానికి సాహసించేవారు ఒక్కసారి ఆ పల్లెలలోని వృద్ధులను చూసి రావాలి.

నీటి మంచి చెడులను పీహెచ్ అనే ఒక్క అంకె చెప్పజాలదు. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదనీ, మరో వనరు లేనప్పుడు మాత్రం 1.5 వరకు అనుమతించవచ్చుననీ జాతీయ ప్రమాణం చెబుతున్నది. నైట్రేటుకు పరిమితి 45 మిల్లీగ్రాములు. మలసంబంధ సూక్ష్మజీవులు అసలే ఉండరాదు. క్షార జల యంత్రంలోని విద్యుత్ పలకలు ఫ్లోరైడునూ, నైట్రేటునూ తొలగించే పరికరాలు కావు.

సూరత్ నేర్చిన పాఠం

క్షారమంటే ఏమిటో సూరత్ అద్దకం పరిశ్రమకు బాగా తెలుసు. పాలియెస్టర్ వస్త్రానికి పట్టు వంటి మృదుత్వం రావడానికి వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో శుద్ధి చేయడం అక్కడి మిల్లులలో మామూలు. అలా వెలువడే వ్యర్థ జలాన్ని తటస్థం చేసిన తర్వాతే బయటకు వదలాలి. పర్యావరణ నిబంధనల సాధారణ ప్రమాణం ప్రకారం వ్యర్థ జలం పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండాలి. కాల్వలోకి వదలడానికి వీలులేని పీహెచ్ 9.5 గల నీటిని ఆరోగ్యం కోసం గ్లాసులో పోసి అమ్మడం విచిత్రమే. కాస్టిక్ సోడా గాఢత వేరు, యంత్రపు నీటి గాఢత వేరు అన్న మాట నిజమే. పీహెచ్ పెరగడమే ఆరోగ్యమనే వాదన ఎంత డొల్లదో ఈ పోలిక వల్ల తెలుస్తుంది.

సూరత్ నేర్చిన అసలు పాఠం 1994 నాటిది. ఆ ఏడాది సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది ప్రజలు నగరం విడిచి పారిపోయారు. తెలుగు కార్మికులు మూటాముల్లె సర్దుకుని రైళ్లెక్కారు. టెట్రాసైక్లిన్ మాత్రలు దుకాణాలలో కరవయ్యాయి. భయం ఉన్నచోట మందుకు ఏ ధర అయినా పలుకుతుందని అప్పుడు తేటతెల్లమైంది. అయితే నగరాన్ని ఒడ్డున పడవేసినది మాత్రలు కావు. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా బాధ్యతలు స్వీకరించిన ఎస్.ఆర్. రావు నాయకత్వంలో చెత్త తొలగింపు, మురుగు పారుదల, తినుబండారాల దుకాణాల తనిఖీ, తాగునీటి పర్యవేక్షణ క్రమబద్ధం అయ్యాయి. 1996లో దేశంలోని పరిశుభ్రమైన నగరాలలో చండీగఢ్ తర్వాత సూరత్‌ను 'ఇంటాక్' రెండవదిగా పేర్కొన్నది. స్వచ్ఛ సర్వేక్షణ్ 2023లో ఇండోర్‌తో కలిసి అది ప్రథమ స్థానాన్ని పంచుకున్నది.

ఈ పనిలో క్లోరిన్ పాత్ర కీలకం. ఇక్కడ క్షార ప్రచారకులు చెప్పని మరో వాస్తవం ఉన్నది. నీరు క్షారమయ్యేకొద్దీ క్లోరిన్ క్రిమిసంహారక శక్తి సన్నగిల్లుతుంది. పీహెచ్ 7.5 వద్ద క్లోరిన్‌లో ఇంచుమించు సగం శక్తివంతమైన రూపంలో ఉంటే, 8.5 వద్ద దాదాపు పదో వంతు మాత్రమే ఆ రూపంలో మిగులుతుంది. క్లోరిన్ సమర్థంగా పనిచేయడానికి పీహెచ్ 8కి లోపు ఉండడం మేలు. 2006 ఆగస్టులో తపతి పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడైనా, మరెప్పుడైనా ప్రజలను కాపాడేది ఈ క్లోరినే.

మన రాష్ట్రాలలో అనుభవమూ ఇదే. 2018 మార్చిలో గుంటూరులోనూ, 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలోనూ అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. ఆ మరణాలకు కారణం నీటిలో క్షారం కొరవడడం కాదు. కలుషితమైన నీరు.

వాణిజ్య మర్మం

ఈ వ్యాపారంలో మరో వింత ఉన్నది. లవణాలు తొలగించే ఆర్‌వో యంత్రాన్ని ముందుగా వినియోగదారునికి అమ్ముతారు. అది నీటిలోని సున్నపు లవణాలనూ, బైకార్బనేటునూ తీసివేస్తుంది. కార్బన్ డయాక్సైడు మాత్రం పొరను దాటి నీటిలో మిగిలిపోతుంది. ఫలితంగా నీరు కొంత ఆమ్ల స్వభావం పొందుతుంది. అప్పుడు ఆమ్ల జలం అనర్థదాయకమని చెప్పి, తీసివేసిన ఖనిజాలను తిరిగి కలిపే 'ఆల్కలైన్ కార్ట్రిడ్జ్'ను మరో ధరకు అంటగడతారు. తీసినందుకు ఒక మూల్యం, పెట్టినందుకు మరో మూల్యం. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు లవణాలున్న చోట ఆర్‌వో వాడకాన్ని నిషేధించవలసిందని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మేలో కేంద్ర పర్యావరణ శాఖను ఆదేశించిన సంగతి పాఠకులకు విదితమే.

ఇక ప్రదర్శనల సంగతి. రంగు చుక్కలు వేసి ఒక గ్లాసు పసుపుగా, మరొకటి ఊదాగా మారడాన్ని చూపుతారు. అది పీహెచ్ తేడాను మాత్రమే చూపగలదు. ఆరోగ్యం సంగతి దానికి తెలియదు. మామూలు కుళాయి నీటిలో ఇనుప కడ్డీలతో విద్యుత్ పంపి, నీరు గోధుమరంగుగా మారగానే ఇదంతా నీటిలోని మురికి అంటారు. ఆ రంగు కడ్డీ నుంచి కరిగిన ఇనుముది. లవణాలు లేని నీటిలో విద్యుత్ ప్రవహించదు గనుక అది తేటగా నిలుస్తుంది. టమాటాలను తీవ్ర క్షార జలంలో వేసి, నీరు పసుపుపచ్చగా మారితే పురుగుమందు దిగిందంటారు. దిగినది చాలావరకు కాయ రంగు. కళ్లెదుట జరిగిన పనిని కాదనలేక, దాని అర్థం తెలియక సామాన్యుడు మోసపోతున్నాడు.

'నేను తాగాను, నాకు నయమైంది' అనే సాక్ష్యాలకూ కొదవలేదు. లక్షలు పోసి యంత్రం కొన్నవారు సహజంగానే రోజుకు నాలుగు గ్లాసులు ఎక్కువ తాగుతారు. శీతల పానీయాలు మానుకుంటారు. నడక మొదలుపెడతారు. మలబద్ధకం, తలనొప్పి వంటివి ఈ అలవాట్లతో తగ్గితే ఖ్యాతి యంత్రానికి దక్కుతున్నది. పైగా కొన్నవాడే అమ్మకందారుగా మారి, మరొకరిని చేర్చితే కమీషన్ లభించే పద్ధతిలో సాక్షికీ విక్రేతకూ తేడా చెరిగిపోతుంది. మరమగ్గం మీద పనిచేసే కార్మికుడు ఎన్నో నెలల సంపాదనను అప్పుగా తెచ్చి ఇందులో పెడితే, యంత్రం ఖరీదు రాబట్టుకోవడానికి తన బావమరిదికో, పక్క సాంచాల మీద పనిచేసే మిత్రునికో దానిని అంటగట్టక తప్పని పరిస్థితి ఏర్పడుతుంది. వడ్డీకి తెచ్చిన ఆ సొమ్ము పిల్లలకు పాలు, గుడ్లు, పండ్లు, ఇంటి పెద్దకు ఏటా మధుమేహ పరీక్ష, రక్తపోటు మాత్రలు సమకూర్చడానికి ఉపకరించేదన్నది నిర్వివాదాంశం.

చట్టాలున్నాయి, అమలే కొరత

ఇటువంటి ప్రచారాన్ని అరికట్టడానికి చట్టాలు లేకపోలేదు. కేన్సర్, మధుమేహం, రక్తపోటు, మూత్రపిండాలలో రాళ్లు వంటి వ్యాధులను నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధిస్తున్నది. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు తొలిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ అదే తప్పు చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించే అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్ర ప్రాధికార సంస్థకు ఉన్నది. 2021 డిసెంబరులో వెలువడిన ప్రత్యక్ష విక్రయాల నిబంధనలు పిరమిడ్ తరహా గొలుసు పథకాలను నిషేధించాయి. సీసా నీటిని అధిక ప్రమాదావకాశం గల ఆహార వర్గంలో చేర్చుతున్నట్లు ఆహార భద్రతా సంస్థ 2024 నవంబరులో ప్రకటించింది.

అయితే ఈ చట్టాలన్నీ పత్రికా ప్రకటనలను, గోడ పత్రాలను దృష్టిలో పెట్టుకుని పనిచేస్తున్నాయి. నట్టింట్లో చాప వేసి, పది మంది బంధువులను కూర్చోబెట్టి నోటిమాటగా చెప్పే వైద్య వాగ్దానాలు అధికారుల చెవికి చేరవు. ఫిర్యాదు చేయాలంటే సొంత మనిషి మీదే చేయవలసి రావడం వల్ల బాధితులు నోరు మెదపరు. విక్రేతలు చెప్పిన మాటకు కంపెనీని జవాబుదారీ చేయడమొక్కటే దీనికి విరుగుడు. యంత్రాన్ని వైద్య పరికరంగా అమ్మదలిస్తే, ఔషధాలకు వలె మనుషుల మీద జరిపిన పరీక్షల ఫలితాలను కంపెనీలు ముందుగా ప్రభుత్వానికి సమర్పించాలి. అమ్మదలచినది మంచినీరే అయితే, వ్యాధుల పేర్లు వారి నోట రాకూడదు. ఈ రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోవలసిందిగా ప్రభుత్వం ఆదేశించాలి.

వినియోగదారులు కూడా కొంత వివేచన చూపాలి. ఇంటి నీటి గురించి సందేహం ఉంటే ముందుగా పరీక్ష చేయించాలి. పరీక్షలో సూక్ష్మజీవులు, ఫ్లోరైడు, నైట్రేటు, మొత్తం లవణాల వివరాలు అడగాలి. క్రిముల భయముంటే నీటిని మరగకాచడం చాలు. ఫ్లోరైడు ఉంటే నీటి వనరును మార్చడమో, దానిని తొలగించే శుద్ధి పద్ధతిని ఆశ్రయించడమో చేయాలి. పులితేన్పులు, గుండెమంట వారాల తరబడి వేధిస్తుంటే వైద్యుని సంప్రదించాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, ముఖ్యంగా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి ప్రాంతాలలోని బాధితులు, డాక్టరు అనుమతి లేకుండా ఇటువంటి నీటి జోలికి పోరాదు. మోసపోయామని భావించినవారు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు.

నగర పాలక సంస్థల బాధ్యత అన్నింటికంటే పెద్దది. కుళాయి నీటిపై నమ్మకం సడలినప్పుడే ఇటువంటి యంత్రాలకు గిరాకీ పెరుగుతుంది. లింబాయత్ అయినా, వరంగల్ మట్టెవాడ అయినా, ఏ వార్డులో నీటి నాణ్యత ఎలా ఉన్నదో ప్రతి నెలా పరీక్షించి ఆ ఫలితాలను ప్రజలకు అర్థమయ్యే భాషలో బహిరంగంగా ప్రకటించాలి. సూరత్‌లో ఆ ప్రకటన గుజరాతీ, హిందీలతోపాటు తెలుగు, ఒడియా, మరాఠీ భాషలలో కూడా వెలువడడం అవసరం. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఈ పనికి నిధులు కేటాయించి, వ్యాధుల పేరు చెప్పి నీరమ్ముకునే వ్యాపారంపై చట్టాలను వెంటనే ప్రయోగించాలి.